నడక మొదలుపెడుతున్న మా మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకి మేనత్త ఆశీర్వదించి రాయునది.

మూడు నెలల సగటు షుగర్ (HbA1c) 6.1 వచ్చిందనీ, సోమవారం నుంచి నడుస్తానని స్టేటస్ పెట్టావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషమూ వేసింది, దడా పుట్టింది. 5.7 నుంచి 6.4 దాకా ఉన్నదాన్ని ఇంకా జబ్బు అనరు, వెనక్కి తెచ్చుకోవచ్చు. మన దేశంలోనే నీలాంటివాళ్ళ మీద జరిగిన పరిశోధన 2006లో వచ్చింది. తిండీ నడకా మార్చుకున్నవాళ్ళలో షుగర్ జబ్బులోకి జారడం మూడేళ్ళలో నాలుగోవంతుకు పైగా తగ్గింది. మరి దడ ఎందుకంటే, నిరుడు నువ్వు చేసిన పని నేను మర్చిపోలేదు.

కొత్త బూట్లు కొన్నావు. మొదటిరోజే బృందావన్ గార్డెన్స్ స్టేడియంలో గంటన్నర తిరిగావు. మర్నాడు పిక్కలు బిగుసుకుపోయాయి. మూడోరోజు మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నావు. నాలుగోరోజు “ఆదివారం కదా” అన్నావు. తర్వాత బూట్లు అటకెక్కాయి. మీ నాన్న నీకు బద్ధకమన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. బద్ధకస్తుడు గంటన్నర నడుస్తాడా?

అలవాటు లేని కండరాన్ని ఒక్కసారిగా వాడితే నొప్పి అప్పుడే తెలియదు, రెండు మూడు రోజులకి ముదురుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నువ్వు పొద్దున్నే లేవాలి. అలారం మోగగానే మనసుకి గుర్తొచ్చేది షుగర్ కాదు, ఆ పిక్కల నొప్పి. అది వద్దంటుంది. ఆ మనసుతో పొద్దున ఐదున్నరకి మంచం మీద కూర్చుని వాదిస్తే గెలిచేది అదే, ఎందుకంటే నీకు నిద్రమత్తు, దానికి నీ సాకులన్నీ కంఠతా వచ్చు. కాబట్టి వాదం పెట్టుకోకు. అది వద్దనడానికి కూడా అక్కర్లేనంత చిన్న పని చెయ్.

ఈసారి మొదటి వారం పది నిమిషాలే. ఒళ్ళు ఇంకా కావాలన్నా సరే, పదకొండో నిమిషం వద్దు, ఇంటికొచ్చెయ్. నువ్వు వినవని నాకు తెలుసు, అందుకే మళ్ళీ చెబుతున్నాను, పది నిమిషాలే. ఇంకాస్త నడవాలనిపిస్తుండగా ఆపితే మర్నాడు లేవడం తేలిక, రొప్పుతూ ఆపితే కష్టం. రెండో వారం పదిహేను, అలా వారానికి ఐదేసి నిమిషాలు పెంచితే ఐదో వారానికి ముప్ఫై అవుతుంది. వారానికి ఐదు రోజులు నడిస్తే డాక్టర్లు చెప్పే 150 నిమిషాలు వచ్చేస్తాయి. పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ వేగం.

రోజూ పాలప్యాకెట్‌కి ఎలాగూ వెళ్తావుగా. ఆ వెళ్ళేది చెప్పులతో కాకుండా బూట్లతో వెళ్ళు. ముందు నడక, వచ్చేటప్పుడు పాలు. ఇంట్లో కాఫీ ఆ పాలతోనే కాబట్టి, నువ్వు లేవకపోతే మీ ఆవిడే లేపుతుంది. బూట్లు, వాటిలో మేజోళ్ళు రాత్రే గుమ్మం దగ్గర పెట్టు. ఫోన్ హాల్లో చార్జింగ్‌కి పెట్టు, అలారం ఆపాలంటే మంచం దిగాల్సిందే.

బూట్ల సంగతి గట్టిగా చెబుతున్నాను. మీ తాతయ్య కాలు పోయింది బొటనవేలి మీద లేచిన చిన్న పొక్కుతోనే. ఆ అటక మీది జత ఇరుకైతే మొహమాటపడకుండా ఎవరికైనా ఇచ్చెయ్. సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బుతాయి, అప్పుడు వెళ్ళి కొను. పొడుగాటి వేలికి ముందు చేతి బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి. స్నానం చేశాక వేళ్ళ మధ్య తడి తుడుచుకో, అరికాళ్ళు ఒకసారి చూసుకో. నడుస్తుంటే గుండెలో పట్టేసినట్టున్నా, కళ్ళు తిరిగినా అక్కడే ఆగి డాక్టర్ దగ్గరికి వెళ్ళు.

సాకులకి జవాబులు రాత్రే క్యాలెండర్ మీద రాసిపెట్టుకో. వాన పడితే హాల్లో పది నిమిషాలు. నిద్ర చాలకపోతే సగం. పొద్దున కుదరకపోతే రాత్రి అన్నం తిన్నాక, ఆ వారం లెక్క ఎంతో అంతే; నడిచే కండరం రక్తంలోని చక్కెరని లాక్కుంటుంది కనక తిన్నాక నడక ఇంకా మంచిది. వేసవిలో మన గుంటూరు ఎండ సంగతి తెలుసుగా, ఆరున్నరకల్లా ఇంట్లో ఉండాలి. ముహూర్తం చూడకు. సోమవారం దాకా ఆగడమెందుకు, రేపు గురువారమేగా?

ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందని వీడియోల్లో చెబుతుంటారు. నమ్మకు. లండన్‌లో చేసిన పరిశోధన 2010లో అచ్చయింది, అందులో సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా అంచనా కట్టారు. ఇరవై రెండోరోజు కూడా లేవబుద్ధి కాకపోతే నీలో ఏదో లోపముందని కుంగిపోకురా నాన్నా. ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాదని కూడా అందులోనే తేలింది. వరసగా రెండోరోజు మాత్రం తప్పనివ్వకు. ఏమీ చాతకాకపోతే బూట్లు తొడుక్కుని గేటు దాకా వెళ్ళిరా, క్యాలెండర్ మీద టిక్కు పెట్టు.

పదిరోజులకోసారి షుగర్ చూపించుకుని బెంగపెట్టుకోకు. మూడు నెలల షుగర్ పరీక్ష మూడు నెలలకే. ఆ రిపోర్టు ఎలా వచ్చినా ఫోటో తీసి ముందు నాకు పంపు, మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ అత్త,
విజయవాడ