మురుగు ప్లాంటుకు వాల్వులు ఎంచుకునే ముందు

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. కొత్త మురుగు శుద్ధి ప్లాంటుకు వాల్వుల జాబితా రాసే పని నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. పంపుల గురించి, బ్లోయర్ల గురించి అందరూ అడుగుతారు. వాల్వుల గురించి ఇంత శ్రద్ధగా అడిగింది నువ్వే. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నువ్వు ఎంచుకున్న వాల్వును తిప్పేది నువ్వు కాదమ్మా. పదేళ్ల తర్వాత ఏ అర్ధరాత్రో కరెంటు పోతే, టార్చిలైటు పట్టుకుని పరిగెత్తే ఆపరేటర్. మనలాంటి దేశాల్లో చాలాచోట్ల అతని చేతిలో ఓ పానా తప్ప మరేమీ ఉండదు. జాబితాలో ప్రతి లైను రాసేటప్పుడూ అతన్ని తలుచుకో. దీన్ని అతను తిప్పగలడా? విప్పి బాగుచేసుకోగలడా?

మంచినీళ్లకు బాగా పనిచేసిన వాల్వే మురుగుకూ చాలనుకుంటారు కొందరు. మురుగులో ఇసుక, జుట్టు, గుడ్డపేలికలు, వెట్ వైప్స్ వస్తాయి. ఒకసారి జామైపోయిన బటర్‌ఫ్లై వాల్వును విప్పించాను. డిస్కు చుట్టూ జుట్టు, గుడ్డలు పేనుకుపోయి మోకులా తయారయ్యాయి, నా ముంజేయంత లావున. కత్తితో కోస్తే తప్ప ఊడిరాలేదు. ఆ వాల్వు పూర్తిగా తెరిచినా డిస్కు ప్రవాహం మధ్యలోనే ఉంటుంది. అందుకే పచ్చి మురుగుకు, స్లడ్జికి (శుద్ధిలో అడుగున చేరే చిక్కటి బురదకు) అది వద్దు. ధర తక్కువని ఎవరు ఒత్తిడి చేసినా ఒప్పుకోకు. శుద్ధి అయిన నీళ్లకు, మురుగులోకి గాలి ఊదే ఎయిరేషన్ లైన్లకు మాత్రం చక్కగా సరిపోతుంది. గాలి లైనులో వేసేటప్పుడు సీటు రబ్బరు, అంటే మూసినప్పుడు డిస్కు ఆనే రబ్బరు, బ్లోయర్ వేడికి ఆగుతుందో లేదో అడిగి తెలుసుకో.

స్లడ్జి లైన్లకు నైఫ్ గేటు వాల్వు రాయి. అది కాగితపు గుజ్జు మిల్లుల కోసం పుట్టిన వాల్వు. పీచును కోసుకుంటూ దిగేలా దాని పలకకు పదును ఉంటుంది. వాటిలో కొన్ని ఒకవైపు నుంచి వచ్చే ఒత్తిడినే ఆపుతాయి. ఒంటి మీద బాణం గుర్తు ఉంటుంది, దాన్ని చూడకుండా బిగిస్తే కారుతూనే ఉంటుంది. ఎక్సెంట్రిక్ ప్లగ్ వాల్వు కూడా మంచిదే, పావు చుట్టు తిప్పితే తెరుచుకుంటుంది. అయితే అడ్డంగా పోయే పైపులో దాని షాఫ్టు కూడా అడ్డంగానే ఉండాలి, తెరిచినప్పుడు ప్లగ్ పైభాగంలోకి వెళ్లాలి. కిందికి వెళ్లేలా బిగిస్తే చుట్టూ ఇసుక చేరి గట్టిపడుతుంది. ఈ సంగతి డ్రాయింగులో స్పష్టంగా రాయి, లేకపోతే బిగించేవాడికి ఎలా తెలుస్తుంది?

పాత రకం గేటు వాల్వుల్లో అడుగున గాడి ఉంటుంది. అందులో ఇసుక నిండితే గేటు చివరిదాకా దిగదు. రబ్బరు తొడుగున్న గేటైతే అడుగు నున్నగా ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు. నూనె, గ్రీజు ఎక్కువగా వచ్చే మురుగుకు ఈపీడీఎం రకం రబ్బరు ఉబ్బిపోతుంది, నైట్రైల్ రబ్బరు కావాలని రాయి.

ఇక నాన్ రిటర్న్ వాల్వు (ఎన్నార్వీ), అంటే పంపు ఆగినప్పుడు మురుగును వెనక్కి రానివ్వకుండా తనంతట తానే మూసుకునే తలుపు. కరెంటు తరచూ పోయే చోట ఎక్కువ దెబ్బలు తినేది ఇదే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పంపింగ్ స్టేషన్‌లో రాత్రి కరెంటు పోయింది. ఎన్నార్వీ తలుపు కింద గుడ్డ ఇరుక్కుని అది పూర్తిగా మూసుకోలేదు. పైపులైనులోని మురుగంతా వెనక్కి తన్నుకొచ్చి పంపును వెనక్కి తిప్పేసింది. పంపు దాటాక లైనులో ఉండే డెలివరీ వాల్వును మూద్దామంటే ఏళ్ల తరబడి తిప్పక బిగుసుకుపోయింది. ఇద్దరం చక్రానికి ఇనుప పైపు తగిలించి బలమంతా పెట్టి లాగితే స్పిండిల్ (చక్రాన్ని గేటుకు కలిపే కడ్డీ) విరిగింది. తెల్లారేసరికి పంపు హౌస్‌లో మోకాల్లోతు మురుగు. ఆ పటుక్కుమన్న శబ్దం ఇప్పటికీ నా చెవిలో ఉంది. అప్పటినుంచి బయట లివరు, బరువు ఉన్న ఎన్నార్వీనే రాశాను. మూసుకుందో లేదో దూరం నుంచే కనిపిస్తుంది. పైన తెరిచి శుభ్రం చేసే మూత ఉన్నదే తీసుకో. నిలువు పైపులో పెట్టించకు, పంపు ఆగినప్పుడల్లా ఇసుక తలుపు మీదికే దిగుతుంది.

మోటారుతో నడిచే వాల్వులు అవసరమైన చోటే పెట్టు. వాటికీ చేత్తో తిప్పే చక్రం తప్పనిసరి.

ఇప్పుడు రాసేది అన్నిటికన్నా జాగ్రత్తగా చదువు. వాల్వు ఛాంబరులో, అంటే వాల్వు ఉండే గుంతలో, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు చేరుతుంది. గాలికన్నా బరువు కాబట్టి అడుగునే నిలుస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది కదా, తెలిసిపోతుందిలే అనుకుంటారు. సుమారు 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 100 భాగాలు) దాటితే ముక్కు ఆ వాసనను పట్టడమే మానేస్తుంది. దిగినవాడు కుప్పకూలితే, కాపాడాలని దిగినవాడూ పోతాడు. అందుకే స్పిండిల్‌ను నేల మట్టం దాకా పొడిగించి, పైనుంచే తిప్పేలా రాయి. ఖర్చు పెరుగుతుందంటే పెరగనీ. తప్పక దిగాల్సి వస్తే గాలి పరీక్ష చేయకుండా, పైన మనిషి లేకుండా ఎవర్నీ దింపనివ్వకు. ఆ వాయువే తడి గోడల మీద బాక్టీరియా వల్ల ఆమ్లంగా మారి బోల్టులనూ తినేస్తుంది. బోల్టులకు, స్పిండిల్‌కు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడుగు.

ప్లాంటు నడిచాక నెలకోసారి ప్రతి వాల్వునూ మూసి తెరిపించు. మామూలు గేటు వాల్వుకు అంగుళాల సైజును మూడుతో గుణించి రెండో మూడో కలిపితే ఉజ్జాయింపుగా ఎన్ని చుట్లో తెలుస్తుంది. 300 మిల్లీమీటర్ల వాల్వుకు 38 చుట్ల వరకు పడతాయి. 30 దగ్గరే ఆగిపోతే కింద ఏదో ఉందని అర్థం. బలం పెట్టకూడదు. రెండు మూడు చుట్లు వెనక్కి తిప్పి ప్రవాహాన్ని కడగనిచ్చి మళ్లీ మూయాలి. చుట్ల లెక్క రిజిస్టరులో రాయించు.

సీట్లు, గ్లాండు ప్యాకింగ్ (స్పిండిల్ చుట్టూ కారకుండా ఆపేది) వాల్వుతోపాటే తెప్పించు, విడిగా తర్వాత దొరకవు. సైజులూ రకాలూ ఎంత తక్కువ ఉంటే అంత మేలు.

జాబితా రాయడం అయ్యాక ఛాంబరు డ్రాయింగులు కూడా నాకు పంపు. వాల్వు చుట్టూ పానా తిరిగేంత చోటు ఉందో లేదో ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
బాబాయి