1991 సంక్షోభం హైదరాబాద్‌లో మామూలు జనానికి తెలిసిందా?

అడిగిన ప్రశ్న ఇది: పుస్తకాల్లో 1991 అంటే దేశం దగ్గర డాలర్లు అడుగంటడం, బంగారం తాకట్టు, మన్మోహన్ సింగ్ బడ్జెట్ అని ఉంటుంది, అప్పుడు హైదరాబాద్‌లో చిన్నా చితకా ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు ఆ కష్టం నిజంగా తగిలిందా, లేక తర్వాత చదువుకుని తెలుసుకున్నదేనా అని.

తగిలింది. గట్టిగానే తగిలింది. కాకపోతే అదంతా ఒకే సంక్షోభమని అప్పుడు మాకు తెలియదు. ఒక్కో ఇంటికి ఒక్కో వైపు నుంచి వచ్చింది.

మా ఇంటికి కువైట్ వైపు నుంచి వచ్చింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. మా చిన్నమామయ్య అక్కడ డ్రైవరు. వారాల తరబడి కబురు లేదు. అమ్మమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. చివరికి ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, ఎయిరిండియా విమానంలో బొంబాయి, అక్కణ్ణుంచి రైల్లో నాంపల్లి వచ్చాడు. అలా లక్ష మందికి పైగా మనవాళ్లను తీసుకొచ్చారు. మామయ్య బనీను లోపలి జేబులో దినార్ నోట్లు కుట్టుకుని తెచ్చాడు, వాటిని మార్చిచ్చే మనిషి దొరకలేదు. కరీంనగర్‌లో, కడపలో, గోదావరి జిల్లాల్లో, మన పాతబస్తీలో ఎన్ని ఇళ్లకు నెలనెలా వచ్చే డ్రాఫ్టు ఆగిపోయిందో! దేశానికి డాలర్ల రాక తగ్గిందని పుస్తకాల్లో రాసేది వీటి గురించే. సరిగ్గా అప్పుడే చమురు ధర మండిపోయింది. వచ్చేది తగ్గి, పోయేది పెరిగింది.

ఆ డిసెంబరులో నగరంలో మతకల్లోలాలు, కర్ఫ్యూ, ముఖ్యమంత్రి చెన్నారెడ్డి రాజీనామా. ఢిల్లీలో అంతకు ముందు నెలలోనే ప్రధానిగా వి.పి. సింగ్ పోయి చంద్రశేఖర్ వచ్చారు. కాంగ్రెస్ బయటి నుంచి ఇస్తున్న మద్దతు నిలవక 1991 మార్చి 6న ఆయనా రాజీనామా చేశారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో పూర్తి బడ్జెట్ కూడా పెట్టలేకపోయారు.

అప్పుడు నేను బాలానగర్‌లో ఒక చిన్న మెషిన్ షాపులో అకౌంట్స్ చూసేవాణ్ణి. పెద్ద ఫ్యాక్టరీలకు విడిభాగాలు చేసిచ్చే యూనిట్. బేరింగులు, ఒక రకం స్పెషల్ స్టీలు బయటి దేశాల నుంచి రావాలి. వాటికి బ్యాంకులో ఎల్‌సీ, అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్, తెరవాలి. సరుకు పంపేవాడికి డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ అది. మామూలుగా సరుకు విలువలో కొంత మార్జిన్‌గా, అంటే ముందస్తు డిపాజిట్‌గా, కడితే సరిపోయేది. డాలర్లు అడుగంటడంతో రిజర్వు బ్యాంకు ఆ మార్జిన్‌ను పెంచుకుంటూ పోయి, ఏప్రిల్‌కల్లా 200 శాతం చేసింది. లక్ష రూపాయల సరుకు కావాలంటే రెండు లక్షలు ముందే బ్యాంకులో పెట్టాలన్నమాట. చిన్న యూనిట్ దగ్గర అంత నగదు ఎక్కడిది? బ్యాంకు మేనేజరు సర్క్యులర్ చూపించి, "నా చేతుల్లో ఏం లేదు బాబూ, మీ సారుకి చెప్పండి" అన్నాడు. పాత స్టాకు అయిపోయాక రాత్రి షిఫ్టు ఎత్తేశారు. ఓవర్‌టైమ్ పోయింది. లేత్ మీద పనిచేసే ఒకాయన నా టేబుల్ దగ్గరికొచ్చి, "అన్నా, షిఫ్టు మళ్లా ఎప్పుడు పెడ్తరే? పిల్ల పెండ్లి పెట్టుకున్న" అని అడిగాడు. వాషింగ్టన్‌లో ఐఎంఎఫ్, అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధితో, అప్పు కోసం నడుస్తున్న చర్చలకూ ఆయన కూతురి పెళ్లికీ సంబంధం ఉందని ఆ రోజు నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు.

మే 21. రాజీవ్ గాంధీ ఆ సాయంత్రం విశాఖపట్నంలో ప్రచారం చేసి, అక్కణ్ణుంచే మద్రాసు వెళ్లారు. రాత్రి శ్రీపెరుంబుదూరులో బాంబు. తెల్లారేసరికి మా వీధిలో షాపుల షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి, బస్సులు లేవు. రాష్ట్రంలో తెలుగుదేశం వాళ్ల ఆస్తుల మీద దాడులు జరిగాయి. ఆ పార్టీకీ ఆ హత్యకూ ఏ సంబంధమూ లేదు. ఏం చేయాలో తోచని కోపం దొరికిన చోటల్లా పడింది. మిగతా పోలింగ్‌ను జూన్ 12, 15 తేదీలకు జరిపారు.

జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రమాణం చేశారు. ఆ ఎన్నికల్లో ఆయన అసలు పోటీయే చేయలేదు, పుస్తకాలు సర్దుకుని ఢిల్లీ వదిలే ఆలోచనలో ఉన్నారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న సంతోషం నగరమంతా కనిపించింది. మా ఆఫీసులో మాత్రం, "మైనారిటీ ప్రభుత్వం, ఆర్నెల్లు నిలబడితే గొప్ప" అనుకున్నాం.

జులై 1న, మళ్లీ 3న రూపాయి విలువ తగ్గించారు. 21 రూపాయల చిల్లర ఉన్న డాలరు దాదాపు 26 అయింది. మార్జిన్ కట్టి ఎలాగో తెరిచిన ఒక పాత ఎల్‌సీ బిల్లు అప్పటికి మాకు చెల్లించాల్సి ఉంది. పదివేల డాలర్ల బిల్లంటే 2 లక్షల 10 వేలు అనుకున్నది 2 లక్షల 60 వేలయింది. లెడ్జర్‌లో పాత అంకె కొట్టేసి కొత్తది రాస్తుంటే మా ఓనరు వెనక నిలబడి చూశాడు, ఒక్క మాట అనలేదు.

అదే నెలలో 47 టన్నుల దాకా బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టుకు వెళ్లింది. అంతకుముందు మేలోనే 20 టన్నులు స్విట్జర్లాండ్ బ్యాంకుకు వెళ్లాయి. పేపర్లో ఆ వార్త వచ్చిన రోజు మా అమ్మ కూర్చుండిపోయింది. ఇంట్లో గాజులు మార్వాడీ కొట్టుకు వెళ్లాయంటే పొయ్యిలో పిల్లి లేవట్లేదని అర్థం. దేశం గురించి కూడా ఆవిడకు అలాగే అర్థమైంది. అది సరైన అర్థమే. అప్పటికి ఉన్న డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోతాయి.

జులై 24 బడ్జెట్ గురించి అందరూ రాశారు కాబట్టి ఎక్కువ చెప్పను. అదే రోజు వచ్చిన కొత్త పారిశ్రామిక విధానం 18 రకాల పరిశ్రమలకు తప్ప మిగతావాటికి లైసెన్సు తీసేసింది. లైసెన్సు కాగితాలతో విసిగిపోయిన మా ఓనరుకు అది పెద్ద ఊరట. ఊళ్లో మా పెదనాన్నకు మాత్రం ఆ బడ్జెట్ అంటే యూరియా ధర. 40 శాతం పెంచుతామన్నారు, గొడవ జరిగాక 30కి దించారు. ధరల పెరుగుదల ఆ ఆగస్టుకు 17 శాతం దగ్గరికి చేరింది.

ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను నరికి చంపారు. 1991ని సంస్కరణల ఏడాదిగా మాత్రమే చెప్పేవాళ్లు దీన్ని వదిలేస్తారు. నేను వదలను. అదీ ఆ ఏడాదే, మన నేల మీదే జరిగింది.

నవంబరులో నంద్యాల ఉపఎన్నికలో పి.వి. 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అభ్యర్థినే నిలబెట్టలేదు. మేలో అంత విద్వేషం చూసిన మాకు అది మనసు నింపిన విషయం.

నా అభిప్రాయం అడిగితే, ఆ రోజు తీసుకున్న నిర్ణయాలు తప్పనిసరి, వాటిని తీసుకున్న ధైర్యం పి.వి.దే. కానీ ఖర్చు అందరికీ సమానంగా పడలేదు. ఆ దశాబ్దంలోనే సనత్‌నగర్‌లో ఫ్రిజ్‌లు చేసే ఆల్విన్, బాలానగర్‌లో మందులు చేసే ఐడీపీఎల్ మూలపడ్డాయి. వాటి జబ్బు 1991కి ముందే మొదలైందన్నది నిజం. అయినా నలభై దాటిన ఫిట్టరుకు కొత్త పని ఎవరిస్తారు? తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఆయన కొడుక్కి వచ్చాయేమో, ఆయనకు రాలేదు.

మా యూనిట్ నిలబడింది. దిగుమతుల మీద కట్టడి సడలాక రాత్రి షిఫ్టు మళ్లీ మొదలైంది, పాతవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. వాళ్లంతా ఇప్పుడు డెబ్బైకి అటూ ఇటూ ఉన్నవాళ్లు. బాలానగర్, సనత్‌నగర్, ఆజామాబాద్ కార్మికుల మాటల్లో ఈ ఏడాదిని రికార్డు చేద్దామనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నాకు తెలిసినవాళ్ల దగ్గరికి నేనే తీసుకెళ్తాను.