మొసలి సీరమ్‌లో ఏఎస్‌టీ, సీకే పెరిగితే కాలేయ జబ్బేనా?

పట్టి తెచ్చిన పెద్ద మొసలి సీరమ్‌లో (రక్తం గడ్డకట్టాక వేరయ్యే ద్రవంలో) ఏఎస్‌టీ, సీకే, ఎల్‌డీహెచ్ అనే ఎంజైములు మూడూ బాగా పెరిగాయి, కాలేయం పాడైనట్టేనా అని అడిగారు. ఈ ఒక్క రిపోర్టు చూసి నేనైతే కాలేయం జోలికి పోను. ముందు ఆ మొసలిని ఎలా పట్టారో అడుగుతాను.

సరీసృపాల రక్త నమూనాలు వచ్చే ల్యాబులో నేను పనిచేశాను. నమూనాతో వచ్చిన చీటీలో ‘చాలాసేపు పెనుగులాడింది’ అని రాసి ఉంటే, మెషీన్‌లో పెట్టకముందే సీకే ఎక్కువ వస్తుందని ఊహించేవాళ్లం. సీకే ప్రధానంగా కండరాల ఎంజైము. తాడు పడగానే మొసలి ఒళ్లంతా గిరగిరా తిప్పేస్తుంది. అంత జోరుకు సరిపడా ఆక్సిజన్ అందదు కాబట్టి కండరాలు అది లేకుండానే నెట్టుకొస్తాయి. లాక్టేట్ పేరుకుపోయి రక్తంలో ఆమ్లత పెరుగుతుంది. (పట్టుకున్న పెద్ద మొసళ్లు ఒక్కోసారి దీనివల్లే చనిపోతాయి. అంకెల సంగతి తర్వాత, ముందు దాన్ని ఎక్కువసేపు పెనుగులాడనివ్వకూడదు.) దెబ్బతిన్న కండర కణాల నుంచి సీకేతో పాటు ఏఎస్‌టీ, ఎల్‌డీహెచ్ కూడా రక్తంలోకి వచ్చేస్తాయి. ఏఎస్‌టీ కాలేయంలోనూ ఉంటుంది, కండరంలోనూ ఉంటుంది. అందుకే పక్కన సీకే చూడకుండా ఏఎస్‌టీకి అర్థం చెప్పలేం. మత్తు ఇంజెక్షన్ కండరానికి ఇచ్చి ఉంటే అదీ సీకేని కొంత పెంచుతుంది.

ఎల్‌డీహెచ్‌ని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. అది ఎర్ర రక్తకణాల్లో బోలెడంత ఉంటుంది. సిరంజిని గట్టిగా లాగినా, సీరమ్ వేరుచేయడం ఆలస్యమైనా కణాలు పగిలి అంకె పెరిగిపోతుంది. సీరమ్ ఎర్రబారి ఉందా అని ల్యాబువాళ్లని అడగండి.

వేడి సంగతి కూడా చూడాలి. ఇప్పటి అనలైజర్లు సాధారణంగా 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలుస్తాయి. వేడి ఎక్కువైతే ఎంజైము చురుకు పెరుగుతుంది కాబట్టి, 25 లేదా 30 డిగ్రీల దగ్గర కొలిచిన విలువల పక్కన పెడితే మీ అంకె ఊరికే పెద్దగా కనిపిస్తుంది. మనుషులకూ కుక్కలకూ వాడే సాధారణ పరిమితులైతే దీనికి పనికిరావు.

కొన్ని రోజులు ఆగి, పెనుగులాట లేకుండా మళ్లీ రక్తం తీయించండి. సీకే తగ్గినా ఏఎస్‌టీ ఇంకా పైనే ఉంటే వెంటనే కంగారుపడకండి, రక్తం నుంచి అది మామూలుగా సీకే కంటే నెమ్మదిగా పోతుంది. ఆ తర్వాతి నమూనాలో కూడా దిగకపోతే అప్పుడు పైత్యరస ఆమ్లాల (బైల్ యాసిడ్స్) పరీక్ష, అల్ట్రాసౌండ్ గురించి మీ వెట్‌తో మాట్లాడండి. ఏఎల్‌టీ (కాలేయం కోసం చూసే మరో ఎంజైము) ఒక్కటే మామూలుగా ఉందని మాత్రం ధీమా పడొద్దు, సరీసృపాల్లో కాలేయం గురించి అది చెప్పేది తక్కువ.