మొదటి గిటారు కొనే ముందు తీగల ఎత్తు చూడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన గిటారు ఫొటో చూశాను. నల్లగా నిగనిగలాడుతోంది, ఒక పక్క భుజం కోసి ఉంది, తీగల మోతను స్పీకరుకు పంపే పికప్ కూడా ఉందట. ఆ కోత చివరి ఫ్రెట్ల దాకా, అంటే మెడ మీది లోహపు మెట్ల దాకా, చెయ్యి చేరడానికి. కొన్ని నెలల పాటు నీకు మొదటి నాలుగైదు ఫ్రెట్లు దాటే పనే ఉండదు. పికప్ వేదికలెక్కేవాళ్ళకు. వాటికి పెట్టే డబ్బు వేరే చోట ఖర్చు పెడదాం.

పాటలు పాడుతూ వాయించాలన్నది నీ కోరిక కాబట్టి స్టీలు తీగలదే తీసుకో. నైలాన్ తీగలు వేళ్ళకు మెత్తగానే ఉంటాయి, కానీ ఆ గిటార్ల మెడ వెడల్పు. మెడ పై చివర తీగలు ఆనే నట్ దగ్గర 52 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, స్టీలు వాటికి 43 దరిదాపుల్లోనే. ముందు నైలాన్‌ది కొని తరవాత స్టీలు తీగలు బిగిద్దామని మాత్రం అనుకోకు. స్టీలు తీగలు ఆరూ కలిసి 70 కిలోలకు అటూ ఇటూగా లాగుతాయి. ఆ లాగుడుకు నైలాన్ గిటారు బ్రిడ్జి, అంటే పై పలక మీద తీగలు బిగించే చెక్క, లేచిపోతుంది.

ఇక అసలు సంగతి. గిటారు మానేసిన పిల్లల్లో చాలామంది వేళ్ళ నొప్పికి మానేస్తారు. తప్పు వేళ్ళది కాదు, తీగల ఎత్తుది. దాన్నే యాక్షన్ అంటారు. 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగకూ ఫ్రెట్‌కూ మధ్య రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే హాయి. మూడు దాటితే ఎఫ్ కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టేటప్పుడు ఏడుపొస్తుంది. స్కేలు వెంట తెచ్చుకో, షాపువాడు నవ్వితే నవ్వనీ. అన్నీ బాగుండి తీగలు మాత్రమే ఎత్తుగా ఉంటే, బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నని పట్టీ, అదే శాడిల్, దాని అడుగున కాస్త అరగదీయించి సరిచేయించవచ్చు. ఇందాక మిగిల్చిన డబ్బు దీనికే. తీగలు కూడా సన్నవి, మొదటి తీగ 0.011 అంగుళాలది, వేయించు.

తరవాత ఒక్కో తీగనూ ఒక్కో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటు. ఎక్కడైనా జరజరమంటే పక్కన పెట్టు. శ్రుతి చూడటానికి మీ అమ్మను తీసుకురా. వీణలో 12వ మెట్టు దగ్గర తారస్థాయి షడ్జం పలికినట్టే, ఇక్కడ 12వ ఫ్రెట్ దగ్గర ఖాళీ తీగ స్వరమే పై స్థాయిలో పలకాలి. కాస్త తేడా ఉన్నా వీణ వాయించే చెవి పట్టేస్తుంది. ట్యూనర్ యాప్ కన్నా నాకు ఆ చెవి మీదే నమ్మకం.

పై పలక ఒకే చెక్కా, పొరలు అతికించిందా అని ఇప్పుడే బెంగపడకు. మన గుంటూరు, బెజవాడ ఎండలకు పొరల చెక్కే మొండిగా నిలుస్తుంది. అయినా మే నెలలో కారులో వదిలితే ఏ గిటారుకైనా జిగురు మెత్తబడుతుంది.

ఆన్‌లైన్‌లో తెప్పించకు. శనివారం అమ్మా నువ్వూ బస్సెక్కండి, నెహ్రూ బస్టాండు దగ్గర నేనుంటాను. ఎడమచేతి గోళ్ళు కత్తిరించుకుని రా, లేకపోతే షాపులో ఒక్క తీగా సరిగ్గా నొక్కలేవు.

మీ మామయ్య