ఆస్పత్రి ఫార్మసీలో చేరబోతున్న మా అన్న కూతురికి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. డి.ఫార్మసీ అయిపోయింది, పిల్ల ఎటూ తేల్చుకోలేకపోతోంది అన్నాడు. మీ ఊరి మెడికల్ షాపాయన సర్టిఫికెట్ ఇస్తే చాలు, రానక్కర్లేదు, నెలనెలా డబ్బు పంపిస్తానన్నాడట. ఇక్కడ సోమాజిగూడలో ఆస్పత్రి ఫార్మసీకేమో జీతం తక్కువ, పైగా మూడు షిఫ్టులు. ముప్ఫై ఏళ్లు ఈ పనిలో ఉన్న అత్తగా నా మాట ముందే చెప్పేస్తున్నాను: ఆస్పత్రికే రా.

షాపాయన సంగతి. 1948 నాటి ఫార్మసీ చట్టంలో 42వ సెక్షన్ ఉంది. డాక్టరు తన రోగికి తానే ఇచ్చుకోవడం మినహా, చీటీ చూసి మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. గోడ మీద నీ సర్టిఫికెట్ వేలాడుతుంటే, అక్కడ ఏమీ చదవని కుర్రాడు ఇచ్చిన ప్రతి మాత్రకీ జవాబు చెప్పాల్సింది నువ్వు. చీటీ లేకుండా నిద్రమాత్రలు అమ్మినా, హెచ్1 రిజిస్టరు (కొన్ని మందులు ఎవరికి అమ్మామో రాసే పుస్తకం) రాయకపోయినా డ్రగ్ ఇన్‌స్పెక్టరు అడిగేది నీ పేరే. ఆ డబ్బు ముట్టుకోకు. మీ నాన్నకీ ఇదే చెప్పాను, కాస్త గట్టిగానే.

ఇక ఆస్పత్రి. చేరగానే ఓపీ కౌంటర్‌లో కూచోబెడతారు. బిల్లు కొట్టడం, స్ట్రిప్పు కత్తిరించడం, కవరు మీద పొద్దున రాత్రి అని రాయడం నెల తిరక్కుండా వచ్చేస్తాయి. అక్కడే ఉండిపోతే పదేళ్ల తర్వాతా అదే పని. వార్డుల నుంచి ఇండెంట్లు, అంటే కావాల్సిన మందుల జాబితాలు వచ్చే ఐపీ ఫార్మసీకి మార్చమని ఆర్నెల్లకే అడుగు. ఐసీయూకి ఏ మందు ఎందుకు పోతోంది, కిడ్నీ రోగికి అదే యాంటీబయాటిక్ ఎందుకు తగ్గించి రాశారు, ఇవన్నీ అక్కడే కళ్లబడతాయి.

మన దగ్గర విదేశాల్లోలా ఫార్మసీ టెక్నీషియన్ అని వేరే రిజిస్ట్రేషన్ లేదు. ఇండెంటు చూసి మందులు తీసిపెట్టేవాళ్లు, ర్యాకులు సర్దేవాళ్లు అసిస్టెంట్లు. ఏ బ్యాచ్ ఎక్స్‌పైరీ దగ్గర పడిందో వాళ్లకి తెలిసినంత నీకు ఏడాదికి గానీ తెలియదు. అన్నా, అక్కా అని పిలిచి నేర్చుకో. కానీ వాళ్లు తీసిపెట్టింది నీ కంటితో చూడకుండా ట్రాలీ ఎక్కించకు.

ఇది ఇంట్లో ఎవరికీ చెప్పని విషయం. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, కీళ్లవాతంతో ఒక పెద్దావిడ వచ్చింది. డాక్టరు మెథోట్రెక్సేట్ రాశారు. అది వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందు. రద్దీలో కవరు మీద నేను ఒక మాత్ర, రాత్రి అని రాసిచ్చాను. పదిరోజులకి నోరంతా పుండ్లతో, తెల్లకణాలు పడిపోయి ఆవిడ అడ్మిట్ అయింది. రెండు వారాలకి కోలుకుంది. ఆ రెండు వారాలూ నేను అన్నం సరిగ్గా తినలేదు. అప్పటినుంచి ఆ మందు కవరు మీద వారం పేరు రాస్తున్నాను: ‘ఆదివారం మాత్రమే’. ఇచ్చాక ఎప్పుడు వేసుకుంటావమ్మా అని అడిగి, వాళ్ల నోటితో చెప్పించుకుంటాను. నువ్వూ అలాగే చెయ్యి.

ఇన్సులిన్ దగ్గర కూడా అంతే జాగ్రత్త. మన దేశంలో వయల్స్, అంటే మందు చిన్న సీసాలు, ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లు, పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జిలు 100 యూనిట్లు. ఎర్రమూత సిరంజి 40కి, నారింజమూతది 100కి. వంద యూనిట్ల ఇన్సులిన్‌ని ఎర్రమూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. మందుతోపాటు సిరంజి కూడా నువ్వే చూసి ఇవ్వు. ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందా లేదా రోజూ రాసి సంతకం పెట్టు. చూడకుండా మాత్రం పెట్టకు.

2021లో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని బ్లాక్ ఫంగస్‌కి నోడల్ కేంద్రం చేసిన రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. ఊరంతా ఆంఫోటెరిసిన్ కోసం పరుగులు. లైపోసోమల్ రకం, అంటే కొవ్వు పొరలో చుట్టి చేసినది, దొరక్కపోతే మామూలు రకం తెచ్చేవాళ్లు. లైపోసోమల్ అయితే కిలోకి 5 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 300. మామూలు రకం కిలోకి 1 మిల్లీగ్రాము, అంటే 60 మాత్రమే. పేరు ఒకటే కదా అని అదే డోసు ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది. సెలైన్‌లో కలిపినా మందు విరిగిపోతుంది, డెక్స్‌ట్రోజులోనే కలపాలి. ఆ నెలలో నేను వార్డుకి చేసిన ఫోన్లకి లెక్కలేదు.

ఆ ఫోనే నీ ఉద్యోగం. డోసు తేడాగా కనిపిస్తే మందు పంపకు, ఫోన్ చెయ్యి. రాత్రి రెండయినా సరే. ‘సార్, తప్పు రాశారు’ అనకు. ‘సార్, ఫలానా బెడ్ రోగి బరువు ఇంత, మీరు రాసిన డోసు ఇంత, ఒకసారి చూస్తారా’ అని అడుగు. కొందరు విసుక్కుంటారు. విసుక్కున్నవాళ్లే మర్నాడు కిందికొచ్చి థాంక్స్ చెప్పడం చాలాసార్లు చూశాను. చేసిన ఫోను, వాళ్లిచ్చిన జవాబు రిజిస్టర్లో టైముతో సహా రాసిపెట్టు.

చదువు ఆపకు. డిప్లొమా వాళ్లకి పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాస్తే బి.ఫార్మసీ రెండో ఏడాదిలో చేరొచ్చు. వార్డు పని నచ్చితే ఫార్మ్.డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) ఉంది, ఆరేళ్లు. ఈ కోర్సు మన దేశంలోకి 2008లో వచ్చింది. డి.ఫార్మసీ వాళ్లూ చేరొచ్చు. డాక్టర్లతో రౌండ్స్‌కి వెళ్లే క్లినికల్ ఫార్మసిస్టులు ఈ ఫార్మ్.డి చదివినవాళ్లే. వాళ్లని చూసి చిన్నబుచ్చుకోకుండా పక్కన నిలబడి ప్రశ్నలడుగు. సర్కారు కొలువు కావాలంటే గ్రేడ్-2 ఫార్మసిస్టు నోటిఫికేషన్లు వైద్య ఆరోగ్య రిక్రూట్‌మెంట్ బోర్డు నుంచి వస్తాయి. 2024 సెప్టెంబరులో 633 పోస్టులకి ఇచ్చారు. రాతపరీక్షకి 80 మార్కులు, ప్రభుత్వ దవాఖానల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్‌లో చేసినవాళ్లకి 20 దాకా వెయిటేజీ. గాంధీలోనో నీలోఫర్‌లోనో కాంట్రాక్టు పని దొరికితే జీతం చూసి వెనక్కి తగ్గకు. సర్వీస్ సర్టిఫికెట్ మాత్రం ఎప్పటికప్పుడు తీసి పెట్టుకో.

ముందు తెలంగాణ ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ పూర్తి చెయ్యి. 500 గంటల ట్రైనింగ్ సర్టిఫికెట్ మీద సంతకాలు, ముద్రలు అన్నీ ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకో, లేకపోతే మళ్లీ ఊరికి తిరగాల్సి వస్తుంది. మొదటి మూణ్నెల్లు ఎర్రగడ్డలో నా దగ్గరే ఉండు. మెట్రో ఉంది కాబట్టి పగలు ఇబ్బంది లేదు. నైట్ షిఫ్టుకి క్యాబ్ ఇస్తారా అని ఆదివారం లోపు హెచ్‌ఆర్ వాళ్లని అడిగి నాకు చెప్పు. ఇవ్వకపోతే మామయ్య వచ్చి దించుతాడు.

ప్రేమతో,
మీ అత్త