మార్గిట్ దగ్గర ఇరుక్కున్న మా అబ్బాయికి

ఒరేయ్ కన్నా,

రాత్రి ఒంటిగంటన్నరకి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున కాఫీ తాగుతూ చూశాను. "పిన్నీ, 41 సార్లు చచ్చాను. ఎల్డెన్ రింగ్ నా వల్ల కాదు, డిలీట్ చేసేస్తున్నా." అంత పక్కాగా లెక్క రాసుకున్నవాడు ఆట డిలీట్ చెయ్యడని నాకు తెలుసు. కంట్రోలర్ మంచం మీదకి విసిరావో, గోడకేసి కొట్టావో మాత్రం రాయలేదు. గోడకేసే అయితే మీ అమ్మకి తెలియనివ్వకు. ఆ కంట్రోలర్ కొనిపెట్టింది నేనేనని అక్కకి ఇప్పటికీ కోపం.

ఫోన్‌లో చెబితే సగం విని "సరే పిన్నీ, సరే పిన్నీ" అంటావు. అందుకే రాస్తున్నాను.

మొదట ఒక మాట ఒప్పుకుంటాను. నలభై అయిదు దాటిన వేళ్ళు నావి. నీ చేతివేగంలో సగం కూడా నాకు లేదు. అయినా కోట దారికి అడ్డంగా నిలబడే ఆ బాస్ మార్గిట్‌ని నేను దాటాను, నువ్వు దాటలేదు. కారణం ఒక్కటే. నువ్వు కోట గేటు దగ్గరికి నాలుగు గంటల్లో చేరావు, నేను రెండు వారాలు తిరిగి తిరిగి వెళ్ళాను.

విచర్ 3 ఆటలో కష్టం ఎంత కావాలో నాలుగు మెట్లుగా మెనూలోనే ఇస్తారు, ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు. ఎల్డెన్ రింగ్‌లో ఆ సౌకర్యం లేదు. నీకు కోపం వచ్చిందే అందుకు. కానీ నేను చూసినంతలో ఆ మెనూని ఈ ఆట చేసినవాళ్ళు తీసేయలేదు రా, ముక్కలు చేసి మ్యాప్ నిండా పారేశారు. ఒక ముక్క చర్చిలో, ఒక ముక్క గనిలో, ఒకటి గుహలో కూర్చున్న దొంగ సంచిలో. నువ్వు ఒక్క ముక్క కూడా ఏరుకోకుండా నేరుగా వెళ్ళిపోయావు. అంటే తెలియకుండానే అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఎంచుకుని, ఇంత కష్టం ఎందుకని ఏడుస్తున్నావు.

నీ స్క్రీన్‌షాట్ చూశాను. ఆస్ట్రాలజర్‌తో, అంటే మంత్రగాడితో మొదలుపెట్టావు, మంచిదే. కానీ విగర్, అదే ప్రాణబలం, ఇంకా 9 దగ్గరే ఉంది! పుట్టినప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. వచ్చిన ప్రతి లెవెల్‌నీ మంత్రబలం పెంచే ఇంటెలిజెన్స్‌కే పోశావు. మంత్రం గట్టిగా తగులుతోంది, నిజమే, కానీ వాడి కర్ర ఒక్కసారి తగిలితే నీ పని అయిపోతోంది. అలాంటప్పుడు ఫైట్ నేర్చుకునేదెప్పుడు? వాడి రెండో దెబ్బ ఎలా ఉంటుందో చూడాలంటే మొదటిది తిని నిలబడాలి కదా. ముందు విగర్‌ని 20కి తీసుకురా. పదకొండు లెవెల్స్ అంతే. ఇంకో నాలుగు పాయింట్లు ఇంటెలిజెన్స్‌లో పోస్తే వచ్చే దెబ్బబలం కన్నా, రెండు దెబ్బలు తట్టుకోవడం వల్ల నీకు దొరికే టైమ్ ఎక్కువ.

లెవెల్స్ కొనుక్కునే ఆ రూన్స్ ఎక్కడివంటావా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆట మొదలయ్యే లిమ్‌గ్రేవ్ నీకు ఇల్లు. అది సగం కూడా చూడకుండా స్టార్మ్‌వీల్ కోట మీద పడ్డావు. గుర్రమెక్కి దక్షిణానికి వెళ్ళు, వంతెన దాటితే వీపింగ్ పెనిన్సులా. అక్కడి శత్రువులు నీ స్థాయికి తగ్గవాళ్ళు. ఆ చిన్న ముక్కలోనే మూడు చర్చిల్లో మూడు సేక్రెడ్ టియర్స్ ఉన్నాయి. ఒక్కోటీ, తాగి ప్రాణం నింపుకునే నీ ఫ్లాస్క్ బలాన్ని పెంచుతుంది. లిమ్‌గ్రేవ్‌లోనే మూడో మరికా చర్చిలో ఇంకొకటి ఉంది, పక్కనే నువ్వు కావలసినట్టు కలుపుకుని తాగే ఇంకో మందు ఫ్లాస్క్ కూడా దొరుకుతుంది. దారిలో బంగారు రంగులో మెరిసే చిన్న మొక్కలు కనిపిస్తే ఆగి గోల్డెన్ సీడ్ తీసుకో. వాటితో ఫ్లాస్క్ ఎన్నిసార్లు తాగొచ్చో ఆ లెక్క పెరుగుతుంది.

లిమ్‌గ్రేవ్ టన్నెల్స్ అనే గని ఉంది, అందులో ఆయుధాల బలం పెంచే రాళ్ళు, స్మితింగ్ స్టోన్స్. మంత్రగాళ్ళకి ఇవి అక్కర్లేదని నీ ఫ్రెండ్ ఎవడో చెప్పాడన్నావు. వాడి మాట నమ్మకు. నీ కర్ర కూడా ఆయుధమే, దానికీ పదును పెట్టాలి. ఎల్లే చర్చిలో ఉన్న టేబుల్ దగ్గర +3 దాకా చేసుకోవచ్చు. ఆ పైన కావాలంటే రౌండ్‌టేబుల్ హోల్డ్‌లో హ్యూగ్ అనే కమ్మరి ఉన్నాడు. ఇంటర్నెట్‌లో చూసి ఎర్రనేల కేలిడ్‌కి పరుగెత్తి ఉల్కరాతి కర్ర తెచ్చుకోవాలని నీకు అనిపిస్తుంది, తెలుసు. తెచ్చుకుంటే తెచ్చుకో, తప్పని నేననను. కాకపోతే ఆ కర్రకి మళ్ళీ పదును పెట్టడం కుదరదు, పైగా దారి పొడుగునా చావులే.

రాత్రిపూట అదే ఎల్లే చర్చికి వెళ్ళావా? గుర్రం వచ్చాక వెళితే గోడ మీద ఒకావిడ కూర్చుని ఉంటుంది. ఆవిడిచ్చే గంట మోగిస్తే మూడు తోడేళ్ళు నీ వైపు వస్తాయి. "అలా గెలిస్తే గెలుపా పిన్నీ" అని ఒకసారి మూతి ముడుచుకున్నావు. ఎందుకు కాదు రా? ఆట ఇచ్చిందే కదా. తోడేళ్ళని చూసి మార్గిట్ అటు తిరిగిన ఆ పది సెకన్లలో నువ్వు నాలుగు మంత్రాలు వదలొచ్చు. మంత్రగాడు ఒంటరిగా ఎదురెళ్ళి నిలబడటంలో పౌరుషమేమీ లేదు.

ఇక మర్క్‌వాటర్ గుహ. లోపల ప్యాచెస్ అనే బట్టతల దొంగ నీ మీదకి వస్తాడు. సగం చావగానే చేతులెత్తి బతిమాలతాడు. చంపేయాలనిపిస్తుంది, చంపకు. వాడే తర్వాత అక్కడ కొట్టు పెడతాడు. 5000 రూన్స్‌కి మార్గిట్ సంకెల అమ్ముతాడు. ఫైట్ మొదట్లో దాన్ని వాడితే మార్గిట్ కొన్ని క్షణాలు నేలకి అతుక్కుపోతాడు. పెట్టెలు కనిపించాయి కదా అని ఆబగా తెరవకు, ప్యాచెస్ సంగతి నీకే అర్థమవుతుంది.

ఈ ఆటలన్నిటికీ తయారీ అంటే ఏమిటో నాకు తెలిసింది 2001లో. మా హాస్టల్‌లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌లో వంతులవారీగా డయాబ్లో 2 ఆడేవాళ్ళం. అందులో డ్యూరియల్ అని ఒక పురుగు. గది చిన్నది, లోపల అడుగు పెట్టగానే మీద పడతాడు, చలితో మన కాళ్ళు మెల్లబడిపోతాయి. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. చస్తే మన సామాను శవంతో పాటు అక్కడే ఉండిపోతుంది. నా వంతు వచ్చిన ప్రతిసారీ చచ్చి, లేచి, తిట్లు తింటూ కుర్చీ ఖాళీ చేసేదాన్ని. చివరికి ఒక సీనియర్ అక్క నా బెల్టు చూసి నవ్వింది. "చలికి మందు ఊళ్ళోనే అమ్ముతున్నారుగా, ఒక్కటైనా కొన్నావా? వెళ్ళగానే ఊరికి పోర్టల్ తెరిచి పెట్టుకున్నావా?" రెండూ లేవు. ఆ రాత్రి థాయింగ్ పోషన్లు తాగి, పోర్టల్ తెరిచి, రెండుసార్లు ఊరికి పారిపోయి వచ్చి మరీ చంపాను. నా వేళ్ళు మధ్యాహ్నం ఎంత మందంగా ఉన్నాయో రాత్రీ అంతే మందంగా ఉన్నాయి.

ఇదంతా అయ్యాక అసలు ఫైట్ గురించి రెండు మూడు మాటలు. మార్గిట్ కర్ర పైకెత్తి అలాగే పట్టుకుంటాడు చూడు, అక్కడే మోసం. ఎత్తగానే నువ్వు టెన్షన్‌లో రోల్ చేసి పక్కకి దొర్లుతావు, నీ రోల్ అయిపోయి లేచే క్షణానికి కర్ర దిగుతుంది. ఎత్తినప్పుడు కాదు, చెయ్యి కిందికి కదిలినప్పుడు రోల్ చెయ్యి. మొదటి అయిదు ప్రయత్నాలు ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా ఊరికే చూడటానికి కేటాయించు. దూరంగా నిలబడి ఫ్లాస్క్ తాగితే బంగారు బాకులు విసురుతాడు, కాబట్టి వాడి వరస దెబ్బలు పూర్తయిన వెంటనే తాగు. ప్రాణం సగానికి వచ్చాక వెలుగుతో చేసిన సుత్తి తీస్తాడు. నీ చావుల్లో కొన్ని అక్కడే అయ్యుంటాయి, ఎందుకంటే "అయిపోయింది" అనుకుని ఆశపడే చోటు అదే.

బరువు చూసుకో. మోసే బరువు 70 శాతం దాటితే రోల్ బస్తా దొర్లినట్టు ఉంటుంది. ఎక్కడో దొరికిన ఇనప కవచం అందంగా ఉందని తొడుక్కున్నావు, స్క్రీన్‌షాట్‌లో చూశాను. విప్పేసెయ్.

ఇంకోటి, చేతిలో రూన్స్ పెట్టుకుని బాస్ దగ్గరికి వెళ్ళకు. జాతరలోకి జేబు నిండా డబ్బుతో వెళ్ళినట్టు ఉంటుంది. ముందే లెవెల్‌కో, కొట్లోనో ఖర్చు పెట్టేసి వెళ్ళు. అప్పుడు చచ్చినా, పోయిన రూన్స్ కోసం కంగారుగా వెనక్కి పరుగెత్తాల్సిన పని ఉండదు. ఆ కంగారులో చచ్చేవే ఎక్కువ.

"ఇలా తిరగడం గ్రైండ్ కదా" అని నువ్వనడం నాకు వినిపిస్తోంది. ఒకే చోట ఒకే సైనికుణ్ణి వందసార్లు చంపితే అది గ్రైండ్, నాకూ విసుగే. నేను చెప్పేది చూడని చోటు చూడమని. 2024 జూన్‌లో వచ్చిన డీఎల్‌సీలో, అంటే ఈ ఆటకి కలిపిన అదనపు భాగంలో, వాళ్ళు ఇదే ఇంకా గట్టిగా చేశారు. అప్పటికి 150 లెవెల్ దాటినవాళ్ళు కూడా అక్కడ బలం పెంచే స్కాడుట్రీ ఫ్రాగ్మెంట్స్ ఏరుకోకుండా వెళ్ళి చిత్తయ్యారు. గోల ఎక్కువయ్యేసరికి వారం తిరక్కుండానే మొదటి ఫ్రాగ్మెంట్ల బలం పెంచుతూ అప్‌డేట్ ఇచ్చారు. నేను కూడా ఆ గోలలో ఉన్నదాన్నే. తర్వాత మ్యాప్ చూసుకుంటే నేను ఏరింది మూడే మూడు.

మిడ్స్ ఎప్పుడో చెప్పలేదు. అవి అయ్యేదాకా మార్గిట్ ఎక్కడికీ పోడు. ఆదివారం సాయంత్రం బాబాయి క్రికెట్ పెట్టుకుంటాడు, టీవీ నాకు దొరకదు, అప్పుడు ఫోన్ చెయ్యి. తోడేళ్ళు వచ్చాయో లేదో, విగర్ ఎంతకి వచ్చిందో చెప్పు. ప్యాచెస్‌ని మాత్రం చంపకు.

మీ పిన్ని