‘కుళ్ళిపోయింది’ అన్న మాట దగ్గర ఆగు

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. తమిళనాడులోని మండపం తీరంలో పొద్దున్నే వలలు దులుపుకుంటున్న జాలరుల మీద రాసిన పేరా చాలా బాగుంది, దాన్ని ముట్టుకోకు. నేను ఆగిపోయింది ఆరో పేజీలో. “చనిపోయిన సముద్రపు గడ్డి కుళ్ళిపోయి నీటిలో కలిసిపోతుంది” అని ఒక్క వాక్యంలో దాటేశావు. నువ్వు రాయవలసిందంతా ఆ వాక్యంలోనే ఉందమ్మా.

ముందు ఒక తప్పు సరిచెయ్యి. రెండుచోట్ల దాన్ని నాచు అన్నావు. అది నాచు కాదు. వేళ్ళు, బురదలో పాకే కాండం, పువ్వులు ఉన్న మొక్క. మాటల పట్టింపుతో చెప్పడం లేదు. నాచు మెత్తన, త్వరగా చివికిపోతుంది. గడ్డి ఆకులో పీచు ఉంది, అందుకే అది అంత తేలిగ్గా పోదు.

ఈ రాత్రే ఒక పని చెయ్యి. గాజు గ్లాసు నిండా నీళ్ళు పోసి, గుప్పెడు ఎండు వరిగడ్డి తుంచి వెయ్యి. మర్నాటికి నీళ్ళు పలచటి టీ రంగుకు తిరుగుతాయి. గడ్డి మాత్రం చూపుకు అలాగే ఉంటుంది. సముద్రంలోనూ మొదట జరిగేది ఇదే. ఆకు రాలిన కొద్ది రోజుల్లోనే దానిలోని చక్కెరలు, ఇతర కరిగే పదార్థాలు నీటిలోకి ఊరిపోతాయి. ఆకారం చెడదు, బరువు తగ్గుతుంది. తర్వాత బాక్టీరియా, శిలీంధ్రాలు ఆకు మీద పొర కడతాయి. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది. ముసలి ఆకును వదిలే ముందు మొక్క అందులోని నత్రజనిని కొంత వెనక్కి లాక్కుంటుంది. కాబట్టి రాలిన ఆకు తిండిగా నాసిరకం. దాని మీద చేరిన సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని చుట్టూ ఉన్న నీటి నుంచి తెచ్చుకుంటాయి. అలా ఆకు తరుగుతున్నకొద్దీ మిగిలిన ముక్కలో నత్రజని వాటా పెరుగుతుంది. రొయ్య జాతి చిన్న ప్రాణులు వచ్చి దాన్ని కొరుకుతాయి. వాటికి బలమిచ్చేది ఆకు పీచు కన్నా దాని మీది ఆ పొర.

ఇది మన డెల్టా రైతు ఎరగనిది కాదు. పచ్చిరొట్ట ఎరువుగా పెంచిన జీలుగను పూతకు వచ్చే వేళకే దమ్ములో తొక్కేస్తారు. మా నాన్నగారు గట్టు మీద నిలబడి ఒక మొక్క పీకి కాండం విరిచి చూసేవారు. టప్పున విరిగితే సరే. నార సాగిందా, ఆలస్యమైందని ముఖం ముడుచుకునేవారు. ముదిరిన కాండం ఓ పట్టాన చివకదు. చివికేటప్పుడు కూడా పైరుకు అందవలసిన నత్రజనిని కొంతకాలం సూక్ష్మజీవులే పట్టుకుంటాయి. నీ పాఠకుల్లో చాలామంది సముద్రపు గడ్డిని చూసి ఉండరు. జీలుగను చూశారు. అక్కడి నుంచి మొదలుపెట్టు.

సముద్రపు గడ్డి ఆకులో చివరికి మిగిలే పీచు పోవడానికి నెలలు పడుతుంది. బురదలో పూడిన వేళ్ళ సంగతి వేరు. అక్కడ ప్రాణవాయువు అందదు. సముద్రపు నీటిలోని సల్ఫేటుతో బతికే బాక్టీరియా ఆ పని చేస్తుంది, చాలా నిదానంగా. మధ్యధరా సముద్రంలో పొసిడోనియా అనే గడ్డి వేళ్ళు, కాండాలు వేల ఏళ్ళుగా పేరుకుని మీటర్ల మందాన ఉన్నాయి. ఆ లెక్కను మండపం పక్కనున్న పాక్ అఖాతపు గడ్డికి అంటగట్టకు. జాతి వేరు, చోటు వేరు.

“భరించలేని దుర్వాసన” అని రాశావు. ఎక్కడి నుంచి వచ్చింది? ఒడ్డున పడ్డ కుప్పను కర్రతో ఎత్తి చూశావా? పై పొర ఎండి కాగితంలా గలగలలాడుతుంది. కింద తడి. ఇంకా కింద ఇసుక నల్లగా ఉంటుంది. గాలి చొరని ఆ నల్లటి చోట సల్ఫేటు బాక్టీరియా వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్‌దే ఆ వాసన. “కుళ్ళిన గుడ్డు వాసన” అని రాయి. “భరించలేని” అన్న మాట నీ గురించి చెబుతుంది, కుప్ప గురించి కాదు. దాన్ని చెత్త అని కూడా అన్నావు. కొట్టెయ్యి. అలల దెబ్బ ఇసుకకు నేరుగా తగలకుండా కాస్తున్నది ఆ కుప్పే.

ఇంకొకటి. వ్యాసంతో పాటు పంపిన ఉత్తరంలో, ఒక పరిశోధక విద్యార్థిని ఆకులు తూచి వల సంచుల్లో పెట్టి నీటి అడుగున కట్టడం చూశానన్నావు. అది వ్యాసంలో లేదు! సన్న కన్ను వల సంచిలోకి సూక్ష్మజీవులే పోగలవు. పెద్ద కన్ను సంచిలోకి చిన్న ప్రాణులూ దూరతాయి. కొన్ని వారాలకోసారి తీసి, ఆరబెట్టి, తూస్తే ఎవరు ఎంత తిన్నారో తేలుతుంది. ఆ అమ్మాయి వాడిన సంచి ఎంత పెద్దది? దేనికి కట్టింది? గుర్తు లేకపోతే ఫోను చేసి అడుగు. తర్వాతి సంచి ఎప్పుడు పైకి తీస్తుందో కూడా అడిగి, ఆ రోజుకు అక్కడ ఉండు. రైలు ఛార్జీలు నేను పంపుతాను.